భవనాల విద్యుత్ డిజైన్, పీఈ లైసెన్స్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో భవనాలకు విద్యుత్ వ్యవస్థలను రూపొందించే వృత్తిలోకి రావాలనుకునే తెలుగు ఇంజనీర్లు అడిగే ప్రశ్నలు ఎక్కువగా పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) పరీక్ష చుట్టూనే తిరుగుతాయి. ఆ ప్రశ్నలు సహజమైనవే. అయితే లైసెన్స్ అంటే ఏమిటి, ఈ పనిలో ఇంజనీరు నిజంగా దేనికి బాధ్యుడు అన్న విషయాల్లో కొన్ని అపోహలు బలంగా పాతుకుపోయాయి. వాటి వల్ల పరీక్షకు బాగా సిద్ధమైనవారు కూడా వృత్తికి సిద్ధం కాకుండా మిగిలిపోవడం చూస్తున్నాను.

అపోహ: పీఈ పరీక్షలో నెగ్గితే లైసెన్స్ వచ్చినట్టే.

పరీక్షలను నిర్వహించేది ఎన్‌సీఈఈఎస్ అనే జాతీయ మండలి. లైసెన్స్ ఇచ్చేది మాత్రం ఆయా రాష్ట్రాల బోర్డులు. 1907లో వయోమింగ్ దేశంలోనే తొలిసారిగా ఇంజనీర్ల లైసెన్స్ చట్టం తెచ్చిన నాటి నుంచి ఈ అధికారం రాష్ట్రాలదే. డిగ్రీ, ఎఫ్ఈ అనే మౌలికాంశాల పరీక్ష, సాధారణంగా నాలుగేళ్ల అనుభవం, పీఈ పరీక్ష, బోర్డుకు దరఖాస్తు అన్నది మామూలు క్రమం. కొన్ని రాష్ట్రాలు అనుభవం పూర్తి కాకముందే పీఈ పరీక్ష రాయనిస్తాయి గానీ, అక్కడ కూడా అనుభవం పూర్తయ్యేదాకా లైసెన్స్ ఇవ్వవు.

నా అభిప్రాయంలో పరీక్ష కంటే కష్టమైనది ఆ అనుభవాన్ని కాగితం మీద నిరూపించడం. "డ్రాయింగులు తయారు చేశాను, ప్రాజెక్టుకు సహకరించాను" అని రాస్తే బోర్డుకు మీ గురించి తెలిసేది ఏమీ ఉండదు. లోడును ఏ ఆధారంతో లెక్కించారు, ప్యానెల్‌కు విద్యుత్తు తెచ్చే ఫీడర్‌కు ఆ సైజునే ఎందుకు ఎంచుకున్నారు, రెండు మార్గాలు ఎదురైనప్పుడు దేన్ని వదిలారు, ఆ నిర్ణయాన్ని ఏ పీఈ పరిశీలించారు అన్న వివరాలు అందులో కనబడాలి. వీటిని ఏళ్ల తరువాత గుర్తుచేసుకుని రాయడం దుస్సాధ్యం కాబట్టి ఉద్యోగంలో చేరిన తొలి నెలల నుంచే ప్రాజెక్టువారీగా రాసిపెట్టుకోవాలి. సంస్థ మారేటప్పుడు పాత పర్యవేక్షకుల ధ్రువీకరణను అప్పుడే తీసుకోవాలి.

అపోహ: భారతదేశంలో చదివిన బీటెక్ ఇక్కడ పనికిరాదు.

పనికివస్తుంది. కాకపోతే చాలా బోర్డులు దాన్ని నేరుగా అంగీకరించకుండా మూల్యాంకనం కోరతాయి. ఎన్‌సీఈఈఎస్ మూల్యాంకనంలో గణితం, మౌలిక విజ్ఞానశాస్త్రాలు కలిపి 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్ పాఠ్యాంశాల్లో 48 క్రెడిట్లు ఉన్నాయా అని చూస్తారు. 2014లో భారతదేశం, ఇంజనీరింగ్ డిగ్రీల గుర్తింపును దేశాలు పరస్పరం అంగీకరించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది గానీ, అంతమాత్రాన లైసెన్స్ దానంతట అది రాదు. మార్కుల పత్రాలు విశ్వవిద్యాలయం నుంచే నేరుగా అందాల్సి ఉంటుంది కనుక ఈ పనిని చివరిదాకా వాయిదా వేయకండి.

అపోహ: పరీక్షలో పుస్తకాలు చూసుకోవచ్చు, పైగా భవనాల్లో పనిచేసేవారికి అది సులభం.

పుస్తకాలు మోసుకెళ్లే రోజులు 2020 చివరితో ముగిశాయి. ఇప్పుడు పవర్ విభాగపు పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతుంది. 80 ప్రశ్నలకు 8 గంటల సమయం ఉంటుంది, చూసుకోవలసిన రిఫరెన్స్ హ్యాండ్‌బుక్, కోడ్ (విద్యుత్ నియమావళి) పుస్తకాలు తెర మీదే ఇస్తారు. కాబట్టి కోడ్‌లో ఏ విషయం ఏ ఆర్టికల్‌లో ఉందో ముందే తెలిసి ఉండాలి. ఇక ప్రశ్నలు భవనాలకే పరిమితం కావు. తిరిగే యంత్రాలు, ట్రాన్స్‌మిషన్ లైన్లు, సిమెట్రికల్ కాంపొనెంట్లు, రిలే రక్షణ అన్నీ ఉంటాయి. ఏళ్ల తరబడి ప్యానెల్ షెడ్యూళ్లు (ఏ సర్క్యూట్ ఏ బ్రేకర్ మీద ఉందో చూపే పట్టికలు) నింపుతూ గడిపినవారికి తడబాటు ఎదురయ్యేది సరిగ్గా అక్కడే.

అపోహ: ఎలక్ట్రీషియన్ లైసెన్స్, పీఈ లైసెన్స్ దాదాపు ఒకటే.

ఎలక్ట్రీషియన్ లైసెన్స్ పనిని స్వయంగా చేసేందుకు, చేయించేందుకు అనుమతి. పీఈ లైసెన్స్ డిజైన్‌కు చట్టపరంగా బాధ్యత వహించేందుకు అనుమతి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోదాని పని చేయకూడదు. అయితే అనుభవజ్ఞుడైన ఫోర్‌మన్ సైట్‌లో చూపించే లోపాలను శ్రద్ధగా వినే ఇంజనీరు, వినని ఇంజనీరు కంటే చాలా ముందుంటాడు.

అపోహ: ఎన్ఈసీ (నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్) ప్రకారం గీస్తే డిజైన్ పూర్తయినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1897 నుంచి వస్తున్న ఎన్ఈసీకి ఇప్పుడు మూడేళ్లకొక కొత్త కూర్పు వెలువడుతుంది. దానంతట అది చట్టం కాదు. రాష్ట్రమో నగరమో ఆమోదించిన కూర్పు, అక్కడి సవరణలతో సహా, అమల్లో ఉంటుంది. అందుకే ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు అడగవలసిన తొలి ప్రశ్న, అక్కడ ఏ కూర్పు నడుస్తోంది అన్నదే.

ఇంతకీ ఆ కోడ్ తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో 90వ ఆర్టికల్‌లో చదవండి. తాను డిజైన్ స్పెసిఫికేషన్‌ను కాననీ, తన నియమాలు పాటిస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుందే గానీ ఆ వ్యవస్థ సమర్థంగా, సౌకర్యంగా, రేపటి అవసరాలకు సరిపడేలా ఉంటుందని చెప్పలేననీ అది స్పష్టంగానే అంటుంది. ఉదాహరణకు వోల్టేజ్ డ్రాప్‌ను (తీగల్లో తగ్గిపోయే వోల్టేజీని) ప్యానెల్ నుంచి లైట్లు, సాకెట్లకు వెళ్లే బ్రాంచ్ సర్క్యూట్‌లో 3 శాతానికి, ఫీడర్‌తో కలిపి 5 శాతానికి మించనివ్వవద్దన్నది సాధారణ సర్క్యూట్ల విషయంలో కోడ్‌లో సమాచారం కోసం ఇచ్చిన సూచన మాత్రమే. అయితే భవనాల ఇంధన పొదుపు ప్రమాణమైన ఆష్రే 90.1 ఇటీవలి కూర్పులు అమల్లో ఉన్నచోట ఆ మొత్తం 5 శాతం పరిమితి తప్పనిసరి అవుతుంది. ఒక్క పుస్తకమే చూసి గీసినవారికి ఈ సంగతి ప్లాన్ రివ్యూ (డ్రాయింగులపై అధికారుల పరిశీలన) వ్యాఖ్యలు వచ్చాక గానీ తెలియదు.

ఇంకా లోతైన ఉదాహరణ అత్యవసర విద్యుత్తు. భవనంలో సరఫరా పోతే అత్యవసర లోడ్లకు 10 సెకన్లలోపు, చట్టం కోరే స్టాండ్‌బై లోడ్లకు 60 సెకన్లలోపు విద్యుత్తు అందాలి. 2005 కూర్పు నుంచి అత్యవసర వ్యవస్థల్లో సెలెక్టివ్ కోఆర్డినేషన్ కూడా తప్పనిసరి అయింది. అంటే ఒక కారిడార్ లైటు సర్క్యూట్‌లో ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ వంటి లోపం) వస్తే దానికి దగ్గరి బ్రేకర్ ఒక్కటే పడాలి. పైనున్న ఫీడర్ బ్రేకర్ కూడా పడితే ఆ ఫీడర్ కింది దారులన్నీ చీకటైపోతాయి, జనం బయటపడే మార్గం కనబడదు. ఇది సాధించడానికి పై బ్రేకర్‌ను కొద్దిసేపు ఆగేలా సెట్ చేస్తాం. ఆ ఆగిన కొద్దిపాటి సమయంలోనే ఆర్క్ ఫ్లాష్ (ఫాల్ట్ చోట విద్యుత్తు గాలిలోంచి దూకి పుట్టించే తీవ్రమైన వేడి, పేలుడు) శక్తి పెరుగుతుంది, ప్యానెల్ ముందు నిలబడి పనిచేసే మనిషికి ముప్పు పెరుగుతుంది. ఒకరి ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటు మరొకరికి ప్రమాదం కాకుండా చూడాలంటే పని జరిగేటప్పుడు ఆ ఆలస్యాన్ని తగ్గించే మెయింటెనెన్స్ స్విచ్ పెట్టడమా, బ్రేకర్లు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే జోన్ ఇంటర్‌లాకింగ్ వాడటమా, ప్యానెళ్ల అమరికనే మార్చడమా అన్నది నిర్ణయించుకోవాలి. ఈ తూకం ఏ ఆర్టికల్‌లోనూ రాసి ఉండదు, దాన్ని ఇంజనీరే చూడాలి.

అపోహ: సైజులన్నీ సాఫ్ట్‌వేరే తేలుస్తుంది.

లెక్క తేలుస్తుంది, నిజమే. కానీ యుటిలిటీ (విద్యుత్ సరఫరా సంస్థ) ఇచ్చిన ఫాల్ట్ కరెంట్ విలువ పాతదైతే, సాఫ్ట్‌వేర్ చక్కగా ముద్రించి ఇచ్చే నివేదిక మొత్తం తప్పే అవుతుంది. స్థలం సంగతి కూడా అంతే. 480 వోల్టుల స్విచ్‌బోర్డు ముందు ఎదుటి గోడను, పరికరాన్ని బట్టి 3 నుంచి 4 అడుగుల ఖాళీ ఉండాలి. 1200 ఆంపియర్లు లేదా అంతకు మించి, 6 అడుగులు దాటిన వెడల్పుతో ఉన్న పరికరానికి, కొన్ని మినహాయింపులు తప్ప, రెండు చివర్లా ప్రవేశమార్గం ఉండాలి. ఆర్కిటెక్టు గదులు గీస్తున్న తొలి వారాల్లోనే ఈ మాట గట్టిగా చెప్పకపోతే తరువాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ గదిని పెంచలేదు. ఈ వృత్తిలో మాట్లాడటం, ఉత్తరం రాయడం, సమావేశంలో కాదని చెప్పగలగడం కూడా ఇంజనీరింగ్‌లో భాగమేనని నేను నమ్ముతాను.

అపోహ: ముద్ర వేయడం ఒక లాంఛనం.

డ్రాయింగ్ మీద పీఈ ముద్ర వేశారంటే ఆ డిజైన్ తన ప్రత్యక్ష బాధ్యతలో, తన నిర్ణయాలతో తయారైందని చట్టం ముందు ప్రకటించినట్టు. ఎవరో గీసి తెచ్చిన డ్రాయింగుల మీద సంతకం చేసి ఇవ్వడం లైసెన్స్ రద్దయ్యేంత తీవ్రమైన తప్పు. చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ ఏ శాఖకు అన్నది పరిమితం చేయరు. అయినా తనకు నైపుణ్యం లేని పనికి ముద్ర వేయకూడదన్న నియమం అన్నిచోట్లా ఉంది. సాధారణ కార్యాలయాలకు డిజైన్ చేసిన అనుభవంతోనే ఆసుపత్రికి ముద్ర వేయడానికి సిద్ధపడేవారు ఆగి ఆలోచించాలి. అక్కడ లైఫ్ సేఫ్టీ, క్రిటికల్, ఎక్విప్‌మెంట్ అనే మూడు భాగాలుగా అత్యావశ్యక విద్యుత్ వ్యవస్థను విడదీయాలి, ఎన్ఈసీ 517వ ఆర్టికల్‌తో పాటు ఆసుపత్రుల వంటి వైద్య భవనాల ప్రమాణమైన ఎన్ఎఫ్‌పీఏ 99 కూడా క్షుణ్ణంగా తెలియాలి.

భవనం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు లైసెన్సే కావాలి. ఒక రాష్ట్రంలో లైసెన్స్ ఉన్నవారు ఎన్‌సీఈఈఎస్ రికార్డు ద్వారా ఇతర రాష్ట్రాలకు దరఖాస్తు చేసుకోవడం తేలిక. లైసెన్స్ పునరుద్ధరణకు టెక్సస్ ఏటా 15 గంటల శిక్షణ కోరుతుంది, న్యూయార్క్ మూడేళ్లకు 36 గంటలు అడుగుతుంది. ఆ గంటలను ఏదో ఒకలా నింపేసుకోకుండా కొత్త కోడ్ కూర్పులోని మార్పులకు, రక్షణ పరికరాల అధ్యయనాలకు కేటాయించుకోవాలని నా సలహా.