హై డెఫినిషన్ వీడియోకు ల్యాప్‌టాప్ ఎంపిక: అసలు పని ఎవరు చేస్తారు?

ప్రాసెసర్ వేగమూ, మెమరీ పరిమాణమూ ఘనంగానే ఉన్న ల్యాప్‌టాప్‌లో హై డెఫినిషన్ వీడియో పెట్టగానే బొమ్మ ఎందుకు తడబడుతుందని ఒక పాఠకుడు అడిగారు. గిగాహెర్ట్జ్ అంకె పెద్దదైతే వీడియో దానంతటదే సాఫీగా నడుస్తుందనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ బలంగా నాటుకున్న మూఢనమ్మకం.

ముందు లెక్క చూద్దాం. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న ఒక్క ఫ్రేములో, అంటే వీడియోలోని ఒక్క నిశ్చల చిత్రంలో, 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 24 ఫ్రేములు అనుకుంటే సెకనుకు దాదాపు 119 కోట్ల బిట్లు కావాలి. బ్లూ-రే డిస్కు ప్రమాణం వీడియోకు అనుమతించే గరిష్ఠం సెకనుకు 4 కోట్ల బిట్లే. అంటే ముప్పయ్యో వంతు సమాచారంతోనే మొత్తం బొమ్మను తిరిగి కట్టాలి.

ఇదెలా సాధ్యమో చదరంగం ఆటను కాగితం మీద రాసుకునే పద్ధతిని చూస్తే తెలుస్తుంది. ప్రతి ఎత్తుకూ బల్ల మొత్తాన్ని ఎవరూ బొమ్మ గీయరు. ఏ పావు ఎక్కడికి కదిలిందో మాత్రం రాస్తారు. వీడియో ఫైలులోనూ అక్కడొకటి అక్కడొకటిగా పూర్తి ఫ్రేములుంటాయి, మిగిలినవన్నీ మార్పుల చిట్టాలే. నలభయ్యో ఎత్తు దగ్గర బల్ల ఎలా ఉందో తెలియాలంటే ఆటను మొదటినుంచి ఆడి చూడాలి కదా, వీడియోను మధ్యలోకి జరిపినప్పుడు క్షణకాలం తటపటాయించేది కూడా అందుకే: దగ్గర్లోని పూర్తి ఫ్రేముకు వెనక్కి వెళ్లి, అక్కడినుంచి ఎత్తులన్నీ వేసుకుంటూ రావాలి. నడుమ ఒక ఎత్తు తప్పుగా నమోదైతే ఆ తరువాతి స్థితులన్నీ తప్పుతాయి. పాడైన ఫైలులో తెర మీద గళ్లు గళ్లుగా మరకలు పాకి, కొన్ని క్షణాలకు ఉన్నట్టుండి తుడిచిపెట్టుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఆ తుడిచేది తరువాతి పూర్తి ఫ్రేము.

2003లో వచ్చిన హెచ్.264 అనే వీడియో కుదింపు ప్రమాణంలో ఈ పావులు 16×16 చుక్కల గళ్లు. 1080ని 16తో నిశ్శేషంగా భాగించలేం గనుక సాధారణంగా ఫైలులో 1088 వరుసలు నింపి, చివరి ఎనిమిదింటిని తెరకు చూపకుండా దాచేస్తారు. ఫ్రేముకు 8,160 గళ్లు. ఒక్కో గడి ఎటు జరిగిందో చుక్కలో నాలుగో వంతు కచ్చితత్వంతో చెప్పవచ్చు. ఇదంతా విప్పడానికి ముందు బిట్లను చదవాలి. సమర్థమైన కుదింపు పద్ధతిలో ఒక బిట్టు అర్థం అంతకుముందు చదివిన బిట్ల సంభావ్యతల మీద ఆధారపడుతుంది కాబట్టి, ఈ దశను ప్రాసెసర్‌లోని పది కోర్లకు సులువుగా పంచిపెట్టడం కుదరదు.

అందుకే చిప్పులో ఈ పనికోసమే ఒక ప్రత్యేక సర్క్యూట్, అంటే హార్డ్‌వేర్ డీకోడర్ పెడతారు. అది పనిచేస్తున్నంతసేపూ ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది, బ్యాటరీ నిలుస్తుంది. చిక్కేమిటంటే, ఆ సర్క్యూట్‌కు తయారైననాడు నేర్పిన ఫార్మాట్లే వస్తాయి. 2013 నాటి హెచ్‌ఈవీసీ, అందులో రంగును మరింత సూక్ష్మంగా నమోదుచేసే 10 బిట్ రకం, 2018 నాటి ఏవీ1, ఇవన్నీ వేటికవే విడిగా చూసుకోవలసిన సంగతులు. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఏవీ1 డీకోడర్ 2020లో 11వ తరంతో వచ్చింది.

పరీక్ష సులభం. విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) కింద ‘వీడియో డీకోడ్’ గ్రాఫ్ తెరిచి, వానో, ఊగే ఆకులో, జనసమూహమో ఉన్న దృశ్యాన్ని ఆడించండి. అటువంటి చోట మార్పులు విపరీతంగా ఉంటాయి. ఆ గ్రాఫ్ సున్నా దగ్గరే పడుకుని ప్రాసెసర్ గ్రాఫ్ పైకి లేస్తుంటే సర్క్యూట్‌కు ఆ ఫార్మాట్ రాదన్నమాట, లేదా ప్లేయర్ దాన్ని వాడుకోవడం లేదు. చార్జర్ తీసేసి మరోసారి చూడడం మంచిది.

స్పీకర్ల గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. పలుచని పెట్టెలో గంభీరమైన ధ్వని పుట్టదు. తెర మాత్రం ముఖ్యం. 1366×768 తెరలో చుక్కలు సగమే గనుక పూర్తి హెచ్‌డీ అక్కడ వృథా. ఇక సెకనుకు 60 సార్లు మారే తెర మీద 24 ఫ్రేముల సినిమా వేస్తే ఫ్రేముకు రెండున్నర వంతులు వస్తాయి. అరవంతు చూపడం కుదరదు కనుక ఒక ఫ్రేమును మూడుసార్లు, తరువాతిదాన్ని రెండుసార్లు చూపుతారు: ఒకటి 50 మిల్లీసెకన్లు, మరొకటి 33. కెమెరా భవనం మీదుగా నెమ్మదిగా జరిగేటప్పుడు కనిపించే కుదుపు ఇదే. 120 సార్లు మారే తెరలో ఫ్రేముకు కచ్చితంగా ఐదు వంతులు కాబట్టి ఈ బాధ ఉండదు. రెండు రకాల కుదుపులనూ వేరుచేయాలంటే ప్లేయర్ గణాంకాల్లో జారిపోయిన ఫ్రేముల సంఖ్యను గమనించండి: అది పెరుగుతుంటే సాధారణంగా తప్పు డీకోడింగ్‌ది, సున్నా దగ్గరే ఉండి నెమ్మదైన దృశ్యంలో బొమ్మ కుదుపుతుంటే తెరది.