చెన్నై కాలేజీల్లో ఈయూ, ఎస్‌సీఎం: రెండు సంఘాల వెనక కథ

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చెన్నైకి చదువుకి వచ్చిన క్రైస్తవ కుర్రాణ్ణి మొదటి నెలలోనే ఎవరో ఒక సీనియర్ పట్టుకుంటాడు. "తమ్ముడూ, మీది ఏ సంఘం? శనివారం ప్రేయర్ సెల్‌కి రా" అంటాడు. మెస్‌లో తిన్నాక ఖాళీ గదిలో పదిమంది నేల మీద కూర్చుంటారు. ఒక గిటారు, రెండు పాటలు, ఒక అధ్యాయం, ఆ తర్వాత ప్రార్థన అంశాలు: అరియర్లు (తప్పిన సబ్జెక్టులు), ఇంట్లో అప్పులు, నాన్న ఆరోగ్యం. ఇది ఈయూ, అంటే ఇవాంజెలికల్ యూనియన్. ఇదే ఊళ్లో ఎస్‌సీఎం, స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్, కూడా ఉంది. అక్కడ కులం, పర్యావరణం, స్త్రీల హక్కుల మీద చర్చలు నడుస్తాయి. ఇద్దరి చేతుల్లోనూ అదే బైబిలు. కానీ ఇక్కడివాళ్లు అక్కడికి పెద్దగా వెళ్లరు.

ఈ కథ చెన్నై పాత పేట జార్జ్‌టౌన్ నుంచి మొదలుపెట్టాలి. స్కాట్లండ్ మిషనరీ జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన బడే తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. ఆయన దృష్టిలో బడి ఉన్నది బాప్తిస్మానికి దారి వేయడానికే. 1841లో రాజగోపాల్, వెంకటరామయ్య అనే విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి ఊళ్లో అలజడి రేగింది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. 1862లో వచ్చిన విలియం మిల్లర్ లెక్క వేరు. మతం మారినవాళ్ల సంఖ్య ముఖ్యం కాదు, క్రైస్తవ భావాలు సమాజంలోకి ఇంకితే చాలన్నాడు. మిషన్ వర్గాల్లో విమర్శలు తప్పలేదు గానీ కాలేజీ మాత్రం పెద్దదైంది. ఇవాళ్టి చీలికకు విత్తనం ఈ ఇద్దరి మధ్య తేడాలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఈలోగా అమెరికాలో, 1886లో, మౌంట్ హెర్మన్ వేసవి శిబిరంలో వందమంది విద్యార్థులు విదేశీ సేవకు వెళ్తామని మాటిచ్చారు. ఆ ఊపు ఇక్కడికీ వచ్చింది. 1890లో డేవిడ్ మెకానహీ మద్రాసులో వైఎంసీఏ మొదలుపెట్టాడు. 1895లో అందులో కార్యదర్శిగా చేరాడు తిరునెల్వేలి పాస్టరు గారబ్బాయి, క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి వి.ఎస్. అజరయ్య.

అజరయ్యకు ఒక ప్రశ్న పట్టుకుంది: మిషనరీలు ఎప్పుడూ తెల్లవాళ్లేనా? 1903లో స్నేహితులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. తిరునెల్వేలి క్రైస్తవుల డబ్బుతో, తిరునెల్వేలి మనుషులతో నడిచే మిషన్ అది. వాళ్లు ఎంచుకున్న 'ఫీల్డు' ఏదనుకున్నారు? నిజాం రాజ్యంలోని డోర్నకల్. తమిళ క్రైస్తవులకు అప్పుడు మన తెలుగు నేలే పరదేశం! 1909లో అజరయ్య తనే అక్కడికి వెళ్లి తెలుగులో పని మొదలుపెట్టాడు. మరుసటేడు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల మొహం మీదే చెప్పాడు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని ఇవ్వండి. 1912 డిసెంబరులో డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన కట్టించిన డోర్నకల్ కెతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దాని గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి.

ఎస్‌సీఎం మనదేశంలో సంస్థగా ఏర్పడింది కూడా 1912లోనే. ఆ తరంలో ఇంకో దారి తొక్కినవాడు నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య. ఆయనా క్రిస్టియన్ కాలేజీలోనే చదివాడు. పాశ్చాత్య సంఘ వ్యవస్థను ఉన్నదున్నట్టు దించుకోనక్కర్లేదన్న 'రీథింకింగ్' బృందంలో ముఖ్యుడు. 1938లో కాలేజీ కొత్త ఆవరణ తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభ నాటికి ఆ బృందం వాదన బాగా వినిపించింది.

రెండో సంఘం ఈయూ మాత్రం బయటి తగాదా నుంచి పుట్టింది. 1910లో కేంబ్రిడ్జిలో ఇవాంజెలికల్ విద్యార్థులు, సిలువకూ బైబిలుకూ ఇవ్వాల్సిన చోటు ఇవ్వడం లేదని, బ్రిటన్‌లోని ఎస్‌సీఎం నుంచి విడిపోయారు. ఆ పాయే 1947లో ఐఎఫ్ఈఎస్ అనే ప్రపంచ ఇవాంజెలికల్ విద్యార్థి సంస్థ అయింది, 1954లో మనదేశంలో యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) ఏర్పడింది. తొలి అధ్యక్షుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో జువాలజీ చెప్పిన ప్రొఫెసర్ హెచ్. ఈనోక్, తొలి ప్రధాన కార్యదర్శి పి.టి. చాండపిళ్ల. కాలేజీల్లో ఉండే ఈయూలు దీని శాఖలే.

తగాదా అరువుదే గానీ, డబ్బు విషయంలో వీళ్లు అజరయ్య దారినే పట్టారు. స్టాఫ్ వర్కర్ల, అంటే పూర్తికాలం సంఘం పని చేసేవాళ్ల, పోషణ ఎక్కువగా ఉద్యోగాల్లో స్థిరపడ్డ ఈజీఎఫ్ (ఇవాంజెలికల్ గ్రాడ్యుయేట్స్ ఫెలోషిప్) గ్రాడ్యుయేట్లు నెలనెలా ఇచ్చే కానుకల మీదే. అందుకే చదువైపోయినా సీనియర్ అన్నయ్య ఫోన్ చేయడం మానడు. ఎస్‌సీఎం కేంద్రం బెంగళూరులో ఉంది, దాని బంధం సీఎస్ఐ, లూథరన్ లాంటి పాత సంఘాలతో. మన జిల్లాల నుంచి ఇప్పుడొచ్చే పిల్లల్లో స్వతంత్ర సంఘాలవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయూ పాటలూ ప్రార్థనా వాళ్లకు ఇంట్లో విన్నవే. ఎస్‌సీఎం చర్చలోకి వాళ్లను లాక్కురావడం అంత తేలిక కాదు.