తూటా మెడలో పగులు: వానాకాలపు నిల్వల నుంచి రీలోడింగ్ బల్ల దాకా

తూటా పేలాక మందు కాలిపోతుంది, బుల్లెట్ వెళ్లిపోతుంది, వాటిని పట్టి ఉంచిన గొట్టంలాంటి ఇత్తడి తొడుగు, అంటే కేసు, మాత్రం మిగులుతుంది. అమెరికా వంటి దేశాల్లో గురి పోటీలకు వెళ్లే షూటర్లు ఆ కేసును సరిచేసి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకుంటారు. దీన్నే రీలోడింగ్ అంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి కనుక ఇది ఇక్కడ ఇంటి వ్యాపకంగా లేదు. ఇలా పలుమార్లు వాడిన కేసులో బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ నిలువునా చీలుతుంది. దానికి విరుగుడుగా మెడను వేడిచేసే ఎనీలింగ్ ఎంత వేడిలో, ఎన్నాళ్లకోసారి చెయ్యాలన్న వాదన షూటర్లలో నేటికీ తెగలేదు. రెండు వేర్వేరు అవసరాల కోసం పుట్టిన పద్ధతులను ఒక్కటిగా చూడటమే ఈ గందరగోళానికి చాలావరకు కారణం. వాటిలో మొదటిదాని మూలాలు మన దేశంలోనే ఉన్నాయి.

కేసుకు వాడేది సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. రేకును గిన్నెలా ఒత్తి, అచ్చుల గుండా దశలవారీగా లాగి పొడవు చేస్తారు. లాగిన కొద్దీ లోహం గట్టిపడుతుంది కనుక మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచాలి. బిందెలు కొట్టే కంచరులకు తెలిసిన సంగతే ఇది. చివరికి పైభాగాన్ని నొక్కి మెడగా సన్నం చేసి, బుల్లెట్ చుట్టూ బిగిస్తారు. ఆ నొక్కుడు, ఆ బిగింపు కంటికి కనబడని ఒత్తిడిని లోహంలో వదిలిపోతాయి.

బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఈ ఒత్తిడి బయటపడింది. వానాకాలంలో సైనిక కార్యకలాపాలు తగ్గినప్పుడు తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేవారని, వానలు వెలిశాక తీసి చూస్తే చాలా కేసులు, ముఖ్యంగా బుల్లెట్‌ను బిగించిన చోట, పగిలి కనిపించేవని చెబుతారు. ఎవరూ వాటిని పేల్చలేదు, ఏ దెబ్బా తగల్లేదు. ఈ జబ్బుకు సీజన్ క్రాకింగ్ అన్న పేరు స్థిరపడింది. వేడి చేయకుండా మలచిన లోహాల్లో మిగిలే అంతర్గత ఒత్తిడి గురించి జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ హైన్ 1914లోనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్స్ వారికి ఉపన్యాసం ఇచ్చాడు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు రెండో కారణాన్ని కూడా జోడించారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, గాలిలోని తేమతో కలిసి, ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని స్ఫటికరేణువుల సరిహద్దుల వెంట తినేస్తుందని వారు తేల్చారు.

గుర్రపు మూత్రం ముచ్చట వినడానికి బాగుంటుంది కాబట్టి ఈ కథను అక్కడితో ఆపేస్తుంటారు. నా దృష్టిలో అసలు దోషి ఫ్యాక్టరీ నుంచే లోహంలో దాగి వచ్చిన ఒత్తిడి. అది లేకపోతే అదే అమోనియా ఇత్తడిని నల్లబరచి ఊరుకునేది. ఒత్తిడి ఉందో లేదో తేల్చడానికి నమూనాను మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచే పరీక్ష వాడుకలోకి వచ్చింది. లోపమున్న ముక్క నిమిషాల్లోనే పగులుతుంది. సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే ఇత్తడి గట్టిదనం పెద్దగా తగ్గకుండానే ఆ ఒత్తిడి చాలామటుకు సడలుతుంది. మొదటి పద్ధతి ఇదే.

రీలోడింగ్ చేసేవారి అవసరం వేరు. పేలినప్పుడు మెడ వ్యాకోచిస్తుంది, డై అనే అచ్చులో పెట్టి నొక్కినప్పుడు మళ్లీ కుంచించుకుంటుంది. ఇది పదేపదే జరిగి గట్టిపడిన మెడను నిజంగానే మెత్తబరచాలి. అది క్షణాల్లో జరగాలంటే వేడి 400 డిగ్రీలకు బాగా పైకి వెళ్లాలి. పాతకాలపు పద్ధతిలో కేసులను సగం ఎత్తు నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టి, మెడకు టార్చి మంట చూపి, రంగు మారగానే నీటిలోకి పడదోసేవారు. ఉక్కులా ఇత్తడి నీళ్లలో ముంచితే గట్టిపడదు. ఆ నీళ్లు వేడిని కింది భాగానికి పాకనివ్వకుండా ఆపడానికే. చదరపు అంగుళానికి 50,000 పౌండ్లు దాటే పీడనాన్ని కాచుకునే అడుగు మెత్తబడితే కేసు తుపాకీలోనే చిట్లి షూటర్‌కే ప్రమాదం. మెడ ఎర్రగా మెరిసేదాకా కాల్చడమన్న పాత అలవాటు మెడను అవసరానికి మించి మెత్తన చేసి, బుల్లెట్‌పై పట్టును సడలిస్తుంది. అందుకే ఇప్పుడు సమయాన్ని కచ్చితంగా నియంత్రించే ఇండక్షన్ యంత్రాలు వచ్చాయి.

ఫ్యాక్టరీలు కూడా మెడను చివర్లో వేడిచేస్తాయి. అమెరికా సైనిక తూటాలపై ఆ వేడికి ఏర్పడే మరకను కనిపించేలా వదిలేస్తారు, తనిఖీ చేసేవారికి పని జరిగినట్టు అదే ఆనవాలు. మార్కెట్ సరుకుపై దాన్ని పాలిష్‌తో తుడిచేయడం మామూలు. వాడిన కేసులను అమోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌తో తోమవద్దని రీలోడింగ్ చేసేవారిని హెచ్చరించడానికి కారణం కూడా 1921లో తేలిన ఆ సంగతే.