మత్తడి దుంకిన చేప ఎవరిది?

చెరువు నిండి మత్తడి (అదనపు నీళ్లు పొర్లిపోయే గోడ) దుంకిందంటే మా వరంగల్ దిక్కు సగం ఊరు అక్కడే ఉంటుంది. దోమతెర పట్టుకొచ్చేవాళ్లు, పాత చీరను రెండు కొసలా పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే ఆడవాళ్లు, వాళ్ల మధ్య అడ్డం దిడ్డం ఉరికే పిల్లలు. కట్ట మీద నిలబడి, చెరువును లీజుకు తీసుకున్న మత్స్య సంఘంవాళ్లు అరుస్తుంటారు, అవి మేం పోసిన చేపలు, పట్టొద్దు అని. కింద నుంచి ఎవరో ఒకరు జవాబు చెప్పనే చెబుతారు: "చేప మీద నీ పేరు రాసున్నదా అన్నా?" అందరూ నవ్వుతారు. సంఘంవాళ్లు మాత్రం నవ్వరు.

చేపల వేట నిబంధనలు మార్చాలన్న మాట మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. సభ్యత్వం ఎవరికి, చేపపిల్లలు ఇవ్వాలా లేక ఆ డబ్బే సంఘం ఖాతాలో వేయాలా, వల కన్ను ఎంత ఉండాలి, కాంట్రాక్టర్‌ను ఎట్లా ఆపాలి, ఇవీ చర్చలు. అన్నీ అవసరమే. కానీ కట్ట మీది మనిషికీ కింది మనిషికీ మధ్య ఉన్న పంచాయితీని మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన చెరువులు చేపల కోసం తవ్వినవి కావు. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, రేచర్ల రుద్రుడు వేయించినది, పక్కనున్న చెరువుదీ ఆ కాలమే. పాకాల చెరువు కూడా గణపతిదేవుడి ఏలుబడిలోదే. ఇవన్నీ వరి కోసం కట్టినవి. ఏ తూము కింద ఎంత పొలం పారాలి, పొలాలకు నీళ్లు వదిలే నీరటికాడికి ఎంత ధాన్యం కొలవాలి అన్న లెక్కలు తరతరాలుగా నడిచాయి. చేప ఆ లెక్కలో లేదు, అది వాగు నీళ్లతో కొట్టుకొచ్చేది. పరక, జెల్ల, మార్పు, వాలుగ, కొర్రమట్ట, వీటిని ఎవరూ పోయలేదు, కొన్ని వాగుతో వచ్చినవి, కొన్ని ఎండాకాలం బురదలో దాక్కుని వాన పడగానే లేచినవి. పట్టడం తెలిసిన కులాలవాళ్లు, బెస్తలూ ముదిరాజులూ, పట్టేవాళ్లు. మంచి చేప దొర గడీకి పోయేది, వెట్టి నుంచి ఏ వృత్తి తప్పించుకుంది గనుక. జాగీర్దారీ 1949లో రద్దయింది, కానీ మంచి చేప పెద్దింటికి పంపే అలవాటు కొన్ని ఊళ్లలో ఆ తర్వాత కూడా చాలా రోజులు బతికింది.

ఇంగ్లీషువాళ్ల ఇలాకాలో 1897లోనే ఫిషరీస్ చట్టం వచ్చింది. డైనమైట్ పేల్చి చేపలు చంపినా, నీళ్లలో విషం కలిపినా రెండు నెలల దాకా జైలు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా. వల కన్ను ఎంతుండాలో నిర్ణయించే అధికారం, ఒక నీటి వనరులో రెండేళ్ల దాకా వేట మొత్తం ఆపేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చట్టం పట్టించుకున్నది చేపను ఎట్లా చంపుతున్నారన్నది, ఆ చేప ఎవరిదన్నది కాదు. ఆ తర్వాత వచ్చిన చాలా నిబంధనలకు కూడా ఈ గుణమే అబ్బింది.

అసలు మలుపు చట్టంలో రాలేదు, ఒడిశాలోని అంగుల్‌లో ఒక చేపల కుంటలో వచ్చింది. బొచ్చె, రవ్వ, మోసు, ఈ మూడూ నిలవనీటి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీళ్లు, వరద నదులు కావాలి. అందుకే ఒకప్పుడు నదుల్లో దొరికిన పిల్లలను ఏరి, బెంగాల్ వైపు నుంచి రైళ్లలో దేశమంతా పంపేవాళ్లు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి, ఈ మూడింటి కుటుంబమే అయిన కార్పు చేపతో నిలవనీళ్లలో గుడ్లు పెట్టించాడు. జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే. దాంతో హేచరీలు వచ్చాయి, చేపపిల్ల సంచుల్లో లారీ ఎక్కింది. వాగు తెచ్చిన చేప ఊరిది, సంచిలో వచ్చిన చేప డబ్బు పెట్టినవాడిది. కట్ట మీది ఆ అరుపుకు పునాది ఇక్కడే పడిందని నా లెక్క.

తర్వాత 1964 సహకార సంఘాల చట్టం కింద మత్స్య సహకార సంఘాలు రిజిస్టర్ అవుతూ వచ్చాయి. చెరువులు రెండు రకాలయ్యాయి: మత్స్యశాఖ చెరువులు, గ్రామపంచాయతీ చెరువులు. లీజు సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందన్న దగ్గర తేడా. వేలం పెడితే డబ్బున్నవాడే ఎత్తుకుపోతాడని, సంఘానికి తక్కువ రేటుకే ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇది మంచి పనే. సభ్యుడు కావాలంటే ఈత, వల విసరడం చూపించాలి, దానికి నైపుణ్య పరీక్ష. అది బాగానే ఉంది కానీ పరీక్షకు ఎవరిని పిలవాలన్న దగ్గరే కొట్లాట. గంగపుత్రులు, అంటే బెస్తలు, తమది కులవృత్తి అంటారు, ముదిరాజులు మేమూ తరాల నుంచి పడుతున్నాం, జనాభాలో మేమే ఎక్కువ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఒకే చెరువు మీద రెండు సంఘాలు కోర్టు దాకా పోతే లాభపడేది ఎవరో ఇద్దరికీ తెలుసు.

కాంట్రాక్టర్. పిల్లలు కొనడానికి సంఘం దగ్గర పైసలుండవు, పెద్ద వల ఉండదు, ఐసు ఉండదు, హైదరాబాద్‌కో నాగ్‌పూర్‌కో పోయే బండి ఉండదు. అవన్నీ ఆయన పెడతాడు, కిలోకు ఇంత అని ముందే మాట్లాడుకుంటాడు. వల గుంజే రోజు సభ్యులు తమ చెరువులో తామే కూలీలు. కాగితం మీద చెరువు సంఘానిదే ఉంటుంది. సబ్ లీజు చెల్లదని ఉన్న నిబంధన ఈ మనిషిని ఒక్కసారి కూడా పట్టుకోలేకపోవడం వింతేమీ కాదు, ఆయన పేరు ఏ కాగితంలోనూ ఉండదు కదా.

తెలంగాణ వచ్చాక నీళ్లు మారాయి. 2015 మార్చిలో నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది, నలభై ఆరు వేలకు పైగా చెరువుల పూడిక తీయాలన్నది లెక్క. మా వైపు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ, దేవాదుల ఎత్తిపోతల నీళ్లు కూడా తోడయ్యాయి. శివరాత్రికే పగుళ్లిచ్చే చెరువుల్లో కొన్ని ఎండాకాలం కూడా నిండి కనిపించాయి. 2016 నుంచి పూర్తి ఉచితంగా చేపపిల్లలు ఇస్తున్నారు, చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. అమ్ముకోవడానికి 75 శాతం సబ్సిడీ మీద మోపెడ్లు ఇచ్చారు, వెనక ఐసు డబ్బాతో.

పిల్లలు పోసే రోజు ఒకసారి చూడాలి. ఆక్సిజన్ నింపిన సంచులు కట్ట మీద దించుతారు. ఒక సంచి విప్పి, చిన్న జల్లిగంటెతో తోడి లెక్కపెడతారు, ఆ లెక్కను సంచులతో గుణిస్తారు. ఆ ఒక్క సంచి ఎవరు ఏరారన్నదే టెన్షన్. ఎవరైనా ఇంకో సంచి విప్పమన్నారంటే ఎండ ముదురుతోంది, పిల్లలు చస్తాయి అంటారు, అది కూడా నిజమే. అంతకంటే పెద్ద గొడవ నెలది. ఆగస్టులో రావాల్సిన పిల్లలు టెండర్లు తేలక అక్టోబర్, నవంబర్‌లకు వచ్చిన ఏడాదులున్నాయి. ఎండాకాలానికి నీళ్లు తగ్గే చెరువులో నవంబర్ పిల్ల ఎంత పెరుగుతుంది? డబ్బే ఇవ్వండి, మేమే కొనుక్కుంటాం అన్న డిమాండ్ ఇక్కడి నుంచే పుట్టింది. నాకు ఆ డిమాండ్ సగమే నచ్చుతుంది, ఖాతాలో పడ్డ డబ్బుకు కాంట్రాక్టర్ దారి ఇంకా దగ్గర.

ఇంకో తమాషా ఉంది. మన రాష్ట్ర చేప కొర్రమట్ట. సర్కారు పోసేది బొచ్చె, రవ్వ, బంగారుతీగ. కొర్రమట్ట ఆ పిల్లలనే తింటుంది. గట్టున గాలం వేసుకుని, కప్పపిల్లనో ఎర్రనో గుచ్చి కూర్చునేవాడికి ఎక్కువగా పడేది కొర్రమట్ట, జెల్ల, జిలేబీ (తిలాపియా), అంటే సంఘం పోయని చేపలే. ఆ మాటకొస్తే వాడు సంఘానికి మేలు చేస్తున్నట్టే. ఆరో తరగతిలో నేను ఇట్లాగే కూర్చుంటే చెరువు కాపలాదారు వచ్చి నా వెదురు గాలం మోకాలికి వేసి విరిచాడు, డబ్బాలోని రెండు జెల్లలు మాత్రం ఆయనే పట్టుకుపోయాడు. మొత్తం వేట హక్కు లీజుదారుదే అన్నప్పుడు గట్టు మీది గాలం కూడా దొంగతనం లెక్కలోకే పోతుంది. అమ్ముకోవడానికి పట్టేవాడికీ, కూరకు రెండు పట్టేవాడికీ, ఆదివారం కాలక్షేపానికి హన్మకొండ నుంచి రీలు గాలంతో వచ్చేవాడికీ తేడా ఉంది. మూడోవాడు రోజుకింత అని సంఘానికి కట్టి చీటీ తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. రెండోవాడి దగ్గర చీటీ అడగొద్దు.

లక్నవరం, పాకాల చెరువుల వైపు పోతే యజమానులు ఇంకా పెరుగుతారు. పాకాల 1952 నుంచి అభయారణ్యం, అక్కడ అటవీ శాఖ మాట ఉంటుంది. ఏజెన్సీలో, అంటే ఆదివాసీ ప్రాంతంలో, 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలంటుంది. ఒకే నీళ్లకు నీటిపారుదల, మత్స్య, అటవీ, పంచాయతీ, నలుగురు పెద్దలు. వరంగల్ నడిబొడ్డున భద్రకాళి చెరువును 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి ఖాళీ చేసినప్పుడు కూడా మాటలన్నీ మట్టి గురించి, అందం గురించి నడిచాయి. చేపలు పట్టి బతికేవాళ్ల సంగతి వెనక్కే పోయింది.

నిషేధాలూ ఉన్నాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం 2000లోనే దేశమంతటా నిషిద్ధం, అయినా పట్టుబడ్డ కుంటల వార్తలు ఇప్పటికీ వస్తాయి. సన్న కన్నుల అలివి వలల గొడవ కృష్ణ వైపు ఎక్కువ. మన వైపు నాకు కనిపించే పెద్ద చిక్కు మాత్రం మత్తడి దగ్గరి జాలీయే.

చేప పోకుండా సంఘంవాళ్లు మత్తడికి అడ్డంగా వల కడతారు. పెట్టుబడి కాపాడుకోవాలి కదా, వాళ్ల తప్పేమీ లేదు. కానీ వరదతో గుర్రపుడెక్క, కొమ్మలు, చెత్త వచ్చి ఆ వలకు అతుక్కుంటాయి, నీళ్లు పోవు, చెరువు మట్టం పెరుగుతుంది, కట్టకు ప్రమాదం. ఇరిగేషన్‌వాళ్లు వల తీసేయమంటారు. చేప ఉంచుకోవడానికి లీజు ఇచ్చింది ఒక శాఖ, వల కోయమనేది ఇంకో శాఖ, పోయిన చేపకు పరిహారం ఇచ్చేది ఏ శాఖా కాదు. పెద్ద వాన పడ్డ రాత్రి మా ఊళ్లో సంఘంవాళ్లే టార్చి లైట్లు పట్టుకుని నడుము లోతు నీళ్లలో దిగి, తాము కట్టిన వలను తామే కొడవలితో కోశారు. కట్ట నిలబడింది. తెల్లారేసరికి కింద దోమతెరలు పరిచి ఉన్నాయి.