పబ్బులో మధ్యాహ్న భోజనం: వంటింటి వైపు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు ఒక పల్లెటూరి పబ్బు వంటింట్లో పనిచేస్తాను. "ఆదివారం నలుగురం వస్తున్నాంరా" అని ఏ లీడ్స్ నుంచో ఫోన్ వస్తుంది. ఆ వెనకే సందేహాలు. ప్రతిసారీ చెప్పేవే ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: పబ్బంటే మందు షాపే. తాగనివాళ్లకి, పిల్లలకి అక్కడేం పని?

వాస్తవం: ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో తాత, కూతురు, మనవడు ఒకే టేబుల్ దగ్గర ఉంటారు, కింద వాళ్ల కుక్క పడుకుని ఉంటుంది. లైమ్ సోడా ఒక్కటి తీసుకుని భోంచేసి వెళ్లినా ఎవరూ వింతగా చూడరు. కుళాయి నీళ్లు అడిగితే ఊరికే ఇవ్వాలని ఇక్కడ చట్టమే ఉంది, మొహమాటపడకండి.

అపోహ: కూర్చుంటే వెయిటర్ వస్తాడు.

వాస్తవం: మాలాంటి పాతకాలపు పబ్బుల్లో రాడు. టేబుల్ నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లాలి. అక్కడ వరస కనబడదు గానీ ఉంటుంది. మీకన్నా ముందు ఎవరొచ్చారో గుర్తుపెట్టుకోండి, చాలు.

అపోహ: శాకాహారులకి చిప్స్ (ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటి వేయించిన బంగాళాదుంప ముక్కలు) ఉన్నాయిగా, టెన్షన్ లేదు.

వాస్తవం: ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. యార్క్‌షైర్‌లో చాలాచోట్ల చిప్స్‌ని గొడ్డు కొవ్వులో వేయించడం పాత అలవాటు. ఆదివారం రోస్టులో (ఓవెన్‌లో కాల్చిన మాంసంతో పెట్టే భోజనం) ఇచ్చే బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగు కూడా అంతే. కాబట్టి చికెన్ తింటాం గానీ బీఫ్ తినం అనేవాళ్లు కూడా "ఏ నూనెలో చేశారు?" అని అడగాల్సిందే. నూనె వాడేచోట కూడా చేపలు వేయించిన బాణలిలోనే చిప్స్ వేస్తారేమో కనుక్కోండి. అడిగితే మేం విసుక్కోం. 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు చెప్పడం మాకెలాగూ తప్పనిసరి, ఇదీ చెప్తాం. అన్నట్టు ఆ పుడ్డింగు స్వీటు కాదు. మైదా, గుడ్లు, పాలు కలిపి పొంగించిన గిన్నెలాంటిది, గ్రేవీ పోసుకుని తినాలి. మా ఫ్రెండొకడు స్వీటనుకుని చివరిదాకా దాచుకున్నాడు, చల్లారి తోలులా సాగింది.

అపోహ: ఇంగ్లీషువాళ్లు వేడి బీరు తాగుతారు.

వాస్తవం: క్యాస్క్ ఏల్ అనే బీరు సంగతది. పీపాలోకి దించాక కూడా పులుస్తూనే ఉంటుంది. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతాం, ఐస్‌లాంటి లాగర్ బీరు అలవాటైన నోటికి అది వెచ్చగా తగులుతుంది. మన ఊళ్లో బోరింగు కొట్టినట్టు కౌంటర్ మీద పిడి లాగి గ్లాసులోకి ఎక్కిస్తారు. ఒక పైంటు అంటే 568 మిల్లీలీటర్లు, అంత వద్దంటే అర పైంటు అడగొచ్చు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, లేదంటే రుచి పోతుంది. ఇంకో మాట: మడ్డి కిందికి దిగడానికి ఇందులో చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ కలపడం పాత పద్ధతి. నియమంగా ఉండేవాళ్లు ముందే అడగండి.

అపోహ: ప్లౌమన్స్ లంచ్ (రొట్టె, చీజ్ పెట్టే పళ్లెం) వందల ఏళ్లనాటి రైతు భోజనం.

వాస్తవం: మన చద్దన్నం, ఉల్లిపాయలాగే రొట్టె, చీజ్ పొలానికి పట్టుకెళ్లడం పాతదే. ఆ పేరుతో పబ్బు మెనూల్లోకి ఎక్కింది మాత్రం 1950, 60 దశకాల్లో. చీజ్ రేషన్ 1954లో పోయాక, అమ్మకాలు పెంచడానికి చీజ్ వ్యాపార సంఘాలు చేసిన ప్రచారం అది. అయినా నాకిష్టమే.

అపోహ: పబ్బు రాత్రిదాకా ఉంటుందిగా, ఎప్పుడెళ్లినా తిండి దొరుకుతుంది.

వాస్తవం: బార్ వేళలు వేరు, వంటింటి వేళలు వేరు. మామూలు రోజుల్లో రెండున్నరకి మేం పొయ్యి ఆపేస్తాం. మూడింటికొచ్చిన మా లీడ్స్ బ్యాచ్‌కి దొరికింది ఉప్పు, వెనిగర్ క్రిస్ప్స్ (మన దగ్గర చిప్స్ అనేవి) ప్యాకెట్లు నాలుగు.