రబ్బర్‌టౌన్ గాలిని లెక్కలోకి తెచ్చిన జనం

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున లూయీవిల్ నగరం ఉంది. దాని పడమటి పేటలను ఆనుకుని బారులు తీరిన రసాయన కర్మాగారాలను అక్కడివారు రబ్బర్‌టౌన్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతికి చిక్కాయి. సైన్యానికి టైర్లు కావాలి. అమెరికా ప్రభుత్వం హడావుడిగా కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు కట్టించింది. బ్యూటాడీన్, స్టైరీన్ కలిపి చేసే రబ్బరు అది. స్టైరీన్ గురించి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది ఆ ఆవిరే.

యుద్ధం ముగిసినా ఫ్యాక్టరీలు పోలేదు, ఇంకా పెరిగాయి. పడమటి పేటల్లో ఎక్కువమంది నల్లజాతి కుటుంబాలవారు. 1974లో అక్కడి గుడ్‌రిచ్ ప్లాంట్‌లో పీవీసీ ప్లాస్టిక్ తయారీకి వాడే వినైల్ క్లోరైడ్ వాయువుతో పనిచేసిన కార్మికులకు కాలేయంలో అరుదైన క్యాన్సర్ వస్తోందని బయటపడింది. గుర్తించినవారిలో కంపెనీ వైద్యుడు జాన్ క్రీచ్ ఒకరు. ఆ తర్వాత పనిచేసే చోట ఆ వాయువు ఎంతవరకు ఉండొచ్చో దేశమంతటికీ కఠినమైన పరిమితి వచ్చింది. కార్మికుడి ప్రాణం పోతేగానీ ఆ పరిమితి రాలేదు. ప్రహరీ అవతల నిద్రపోయే పిల్లలు పీల్చే గాలిని పట్టించుకోవడానికి నగరానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

ఆ మూడు దశాబ్దాలూ జనం ఊరుకోలేదు. రెవరెండ్ లూయిస్ కోల్‌మన్ వంటివారు నిరసనలు నడిపారు. వాసన వస్తోందని ఫిర్యాదు చేస్తే రుజువేదని అడిగేవారు. అందుకే అసలు మలుపు గాలిని కొలవడంతో వచ్చిందని నా నమ్మకం. స్థానికులు, విశ్వవిద్యాలయం, అధికారులు, కంపెనీలు కలిసిన ఒక కార్యదళం 2000లో పడమటి పేటల్లో గాలి నమూనాలు తీయించడం మొదలుపెట్టింది. బ్యూటాడీన్‌తో సహా పలు రసాయనాలు ప్రమాదకర స్థాయిలో ఉన్నాయని తేలింది. ఫ్యాక్టరీల పక్కనే కాపురముండేవాళ్లు రియాక్ట్ అనే సంఘం పెట్టుకుని, ఆ అంకెలు పట్టుకుని నగరపాలకుల వెంటపడ్డారు.

2005 జూన్‌లో స్టార్ అనే నియమావళి వచ్చింది. అందులోని గొప్పదనం రుజువు బాధ్యతను తిప్పేయడం. మా గాలి చెడిందని జనం నిరూపించుకోవడం కాదు, తన పొగ వల్ల ముప్పు ఎంతో కంపెనీయే లెక్కగట్టి చూపాలి. జీవితాంతం ఆ గాలి పీల్చే పది లక్షల మందిలో ఒకరికి మించి క్యాన్సర్ ముప్పు ఉండకూడదన్నది ఒక్కో రసాయనానికి పెట్టుకున్న గురి. అది దాటితే తగ్గించే దారి కంపెనీయే వెతకాలి. ఆ తర్వాతి ఏళ్లలో పడమటి పేటల గాలిలో బ్యూటాడీన్ బాగా తగ్గింది.

అయితే కథలో చేదు భాగం ఒకటుంది. రబ్బర్‌టౌన్‌లో నియోప్రీన్ అనే మరో రకం కృత్రిమ రబ్బరు చేసే డ్యూపాంట్ కంపెనీ 2008 నాటికి ఆ తయారీని పూర్తిగా లూయిసియానాలోని లాప్లాస్‌కు మార్చేసింది. అక్కడా ప్లాంట్ పక్కన ఉన్నది నల్లజాతి కుటుంబాలే, దగ్గర్లో ఓ ప్రాథమిక పాఠశాల కూడా ఉండేది. నియోప్రీన్‌కు మూలమైన క్లోరోప్రీన్ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని 2010లో సమాఖ్య పర్యావరణ సంస్థ తేల్చింది. అయినా 2016లో రాబర్ట్ టేలర్ అనే స్థానికుడు ఇరుగుపొరుగును కూడగట్టి గాలి లెక్కలు అడగడం మొదలుపెట్టాల్సి వచ్చింది. 2015లో ఆ ప్లాంట్‌ను కొన్న డెంకా కంపెనీ 2025లో నియోప్రీన్ తయారీ ఆపింది. నష్టాలు, నిబంధనల ఖర్చు కారణమంది.