వంటగట్టు మీద పడే మన నీడ

మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే తప్ప కందిపప్పులో రాయి కనిపించని వంటిళ్లు మన అపార్ట్‌మెంట్లలో ఎన్నో. హైదరాబాదైనా, విజయవాడైనా వాటి తీరు ఇంచుమించు ఒక్కటే. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గది. ఆగ్నేయం మూలన, తూర్పుకు తిరిగి వండేలా గోడకు ఆనించిన నల్ల గ్రానైటు గట్టు. కిందా పైనా ముదురు గోధుమరంగు సన్‌మైకా తలుపులు. కిటికీ తెరిస్తే నాలుగడుగుల దూరంలో పక్క బ్లాకు గోడ, లేదా పైపులు దిగే డక్టు. ట్యూబులైటు మాత్రం గుమ్మం పైన, అంటే వండే మనిషి వీపు వెనక.

వెలుతురు చాలడం లేదని చాలామంది మొదట చేసేది ట్యూబు మార్చడం. 20 వాట్లది తీసి 36 వాట్లది పెడతారు. గది నడుమ బాగానే వెలుగొస్తుంది. ఉల్లిపాయ తరిగే చోట మాత్రం అదే నీడ పడుతుంది. చుట్టూ వెలుగు పెరిగింది కాబట్టి అది ఇంకా నల్లగా కనిపిస్తుంది. చీకటి వంటింట్లో కొరత వాట్లది కాదు. వచ్చిన వెలుతురును గోడలు, తలుపులు మింగేస్తున్నాయి. మిగిలినది తప్పుడు దిక్కు నుంచి పడుతోంది. ఈ రెండూ సరిచేయడానికి గట్టు పగలగొట్టక్కర్లేదు, అల్మారాలు ఊడదీయక్కర్లేదు.

ముందు చిన్న పరీక్ష చేయండి. రాత్రి లైటు వేసి, గట్టు మీద మీరు కూరగాయలు తరిగే చోట ఒక తెల్ల ఏ4 కాగితం పరచండి. దానికి జానెడు ఎత్తున ఒక గిన్నె అడుగుభాగం పట్టుకుని చూడండి. కాగితం ఉన్నప్పుడు గిన్నె అడుగు స్పష్టంగా కనిపిస్తుంది, తీసేస్తే మసకబారుతుంది. లైటు మారలేదు, మారిందల్లా కింద ఉన్న రంగే. మెరుగు పెట్టిన నల్ల గ్రానైటు తన మీద పడ్డ వెలుతురులో పదో వంతు కూడా తిరిగి ఇవ్వదు. ముదురు గోధుమరంగు సన్‌మైకా 10 నుంచి 20 శాతం ఇస్తుంది. శుభ్రంగా ఉన్న తెల్ల ఎమల్షన్ గోడ 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది.

ఈ లెక్క ఒక్కసారితో ఆగదు. గోడను తాకిన వెలుతురు ఎదురు గోడకు, అక్కణ్ణుంచి పైకప్పుకు, మళ్లీ గట్టుకు చేరుతూ ఉంటుంది. గది ఉపరితలాలన్నీ కలిపి సగటున 35 శాతం వెనక్కి పంపుతున్నాయనుకుందాం. దీపం నుంచి నేరుగా వచ్చింది 100 పాళ్లయితే మొదటి దెబ్బకు 35, తర్వాత 12, ఆపైన 4, ఇలా అన్నీ కూడితే గోడల నుంచి వచ్చేది సుమారు 54 పాళ్లు. అదే సగటును 55 శాతానికి తెస్తే గోడల వాటా 122 పాళ్లవుతుంది. దీపం ఖర్చు పైసా పెరగకుండా ఆ వాటా రెట్టింపు దాటింది. నీడలను పలచన చేసేది ఈ గోడల వెలుతురే. అది అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి మనిషి అడ్డంగా నిలబడినా పూర్తిగా ఆగదు.

అందుకే పని పైకప్పుతో మొదలుపెట్టాలి. రోజూ తాలింపు నుంచి లేచే నూనె ఆవిరి అక్కడే పేరుకుంటుంది. మనకు తెల్లగానే అనిపించే పైకప్పు మీద తడిగుడ్డతో ఒక గీత గీయండి, తేడా తెలుస్తుంది. జిడ్డు కడగకుండా రంగు వేస్తే అది పట్టదు. వేసిన చోటే చేపకన్నుల్లా గుండ్రటి గుంటలు పడతాయి, లేదా ఆరు నెలల్లో పొరలుగా లేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి రెండుసార్లు తుడవాలి, ఆ తర్వాత ఒట్టి నీళ్లతో ఒకసారి. పూర్తిగా ఆరాక 180 నంబరు ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, ప్రైమరు ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు వేయాలి. పైకప్పు 80 చదరపు అడుగులు. టైల్సు, అల్మారాలు పోను మిగిలే గోడ 150 నుంచి 160 అడుగులు. రెండు కోట్లకు రెండు లీటర్ల ఎమల్షన్ సరిపోతుంది. పైకప్పుకు మెరుపు లేని రంగు, గోడలకు కడగడానికి వీలయ్యే రకం తీసుకోండి.

ఒక హెచ్చరిక. తుడవడానికి సులువని కొందరు పెయింటర్లు వంటింటి గోడలకు ఆయిల్ పెయింటు, అంటే థిన్నరుతో కలిపే తెల్ల ఎనామిల్, వేద్దామంటారు. ఆ రంగులోని నూనె రెసిన్ ఎండ తగలని చోట త్వరగా పసుపెక్కుతుంది. ఎండ బాగా పడే వరండాలో తెల్లగా నిలిచే ఎనామిల్ చీకటి వంటింట్లో కొద్ది కాలానికే పాతబడిన కాగితంలా తయారవుతుంది. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రకానికి ఈ గుణం లేదు.

తర్వాత అల్మారా తలుపులు. విస్తీర్ణంలో పైకప్పుతో పోటీపడేవి ఇవే, వెలుతురును ఎక్కువగా మింగేవీ ఇవే. అన్నిటినీ మార్చక్కర్లేదు. కంటి ఎత్తున ఉండే పై తలుపులను మాత్రం లేత రంగుకు తెస్తే సగానికి పైగా ఫలితం దక్కుతుంది. కింది తలుపులకు తడి, కాళ్ల దెబ్బలు తగులుతుంటాయి కనుక వాటిని ముదురు రంగులోనే వదిలేయడం మంచిది. సన్‌మైకా మీద నేరుగా రంగు వేస్తే గోటితో గీకినా ఊడివస్తుంది. తలుపులు విప్పి, జిడ్డు తుడిచి, మెరుపు పోయేదాకా 220 నంబరు కాగితంతో రుద్ది, నున్నటి ఉపరితలాలకు పట్టుకునే ప్రత్యేకమైన ప్రైమరు వేసి, పైన పీయూ (పాలియురేథేన్) రంగు కొట్టించాలి. చేతికి ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడటానికి వారం పైగా పడుతుంది. ఆలోపు గట్టిగా తుడిస్తే మచ్చలు నిలిచిపోతాయి. అంటించే వినైల్ షీట్లు చవకే గానీ, పొయ్యికి దగ్గర్లో వేడికి అంచులు ముడుచుకుంటాయి, అక్కడ జిడ్డు చేరుతుంది. పొయ్యికి దూరంగా ఉన్న తలుపులకైతే పనికొస్తాయి.

గట్టు వెనక గోడకు ముదురు టైల్సు ఉంటే వాటిని కొట్టేయనవసరం లేదు. నాణెంతో తట్టి చూడండి. బోలుగా మోగే పలకలు లేకపోతే వాటి మీదే లేత రంగు పలకలు అంటించవచ్చు. పాత పలకల నునుపును గ్రైండరుతో గరుకు చేసి, ఒట్టి సిమెంటు కాకుండా టైల్ మీద టైల్‌కు పనికొచ్చే పాలిమర్ అడెసివ్ వాడాలి. పదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తుకు 20 కిలోల సంచి ఒకటి చాలు. గోడ సుమారు ఒక సెంటీమీటరు ముందుకు వస్తుంది కనుక స్విచ్చుబోర్డులకు పొడవాటి స్క్రూలు ముందే తెప్పించండి. అది మరచిపోయి పని మధ్యలో ఆగిపోవడం తరచూ జరిగేదే. సందుల్లో ఎపాక్సీ గ్రౌటు నింపాలి. సిమెంటు గ్రౌటు పసుపును పీల్చుకుంటుంది. పసుపులోని కర్కుమిన్ ఎండకు వెలిసిపోయే రంగు. బట్ట మీద మరక ఆరుబయట ఆరేస్తే తగ్గుతుంది. ఎండే రాని వంటింటి గోడకు ఆ సదుపాయం లేదు.

ఇక కిటికీ. వెలుతురు ఇచ్చేది కిటికీ కొలత కాదు, దానిలోంచి కనిపించే ఆకాశం. అరచేతిలో పట్టే అద్దం ఒకటి మీరు తరిగే చోట వెల్లకిలా పెట్టి, కిటికీకి ఎదురుగా నిలబడి దానిలోకి చూడండి. అద్దంలో ఆకాశం ముక్క కనిపిస్తే అక్కడికి పగటి వెలుతురు నేరుగా వస్తున్నట్టే. గోడే కనిపిస్తే ఆ గోడ రంగే మీ వెలుతురు. డక్టు గోడకు తెల్ల సున్నం వేయించడం అపార్ట్‌మెంటు సంఘంతో మాట్లాడి చేయదగ్గ పని, ఆ వరసలో ఉన్న అన్ని అంతస్తుల వంటిళ్లకూ మేలు జరుగుతుంది.

గదిలో దూరంగా చేరే వెలుతురు కిటికీ పై భాగం నుంచే వస్తుంది. మనం సరిగ్గా అక్కడే ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి, చుట్టూ ప్లైవుడ్డు ముక్కతో మూసేస్తాం. ఆ ప్లైవుడ్డు తీయించి ఫ్యాను మేరకు గుండ్రంగా కోసిన అద్దం వేయిస్తే పోయిన వెలుతురు తిరిగొస్తుంది. దోమల జాలీ కొత్తదైనా వెలుతురులో సుమారు మూడో వంతు ఆపుతుంది. జిడ్డు, దుమ్ము కలిసి కన్నాలు పూడుకుపోతే సగానికి పైగా పోతుంది. జాలీని విప్పి వేడినీళ్లలో చాకలి సోడా వేసి అరగంట నానబెడితే జిడ్డు కరుగుతుంది. అయితే ఇది ఫైబర్ జాలీకి, స్టీలు జాలీకే. అల్యూమినియాన్ని సోడా తినేసి నల్లగా చేస్తుంది, దానికి గిన్నెల సబ్బే వాడాలి. కిటికీ గూట్లో వరసగా పేర్చిన ఆవకాయ జాడీలు, ఉప్పు డబ్బాలు వేరే చోటికి మారాలి. యుటిలిటీ వైపు తలుపు చెక్కదైతే పై సగంలో 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం పెట్టించవచ్చు, వడ్రంగికి ఒక పూట పని.

ఇవన్నీ అయ్యాకే లైట్ల జోలికి వెళ్లాలి. గోడలు తెల్లబడ్డాక ఎంత తక్కువైందో అప్పుడు తెలుస్తుంది. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్సు. కత్తితో పనిచేసే చోట 300 నుంచి 500 లక్సులు ఉండాలి. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. మన గది 7.4 చదరపు మీటర్లు. అంతా నేరుగా కిందికే పడితే 270 లక్సులు రావాలి. ముదురు గోడలు తినగా గట్టుకు చేరేది 100 లక్సుల చుట్టుపక్కల. మనిషి అడ్డం నిలిస్తే అందులో సగం కూడా మిగలదు. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. అరవై ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటిలో చేరేదానిలో సుమారు మూడో వంతే. అమ్మమ్మ బియ్యం చాటను వరండాలోకి తీసుకెళ్లి కూర్చోవడానికి కారణం అదే.

నీడ పోవాలంటే దీపం తలకూ కత్తిపీటకూ మధ్యకు రావాలి. అలాంటి చోటు వంటింట్లో ఒక్కటే ఉంది: పై అల్మారాల అడుగుభాగం. అక్కడ 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు వేయించండి. మీటరుకు 120 ఎల్‌ఈడీలు, సుమారు 10 వాట్లు, 900 ల్యూమెన్ల రకం చాలు. గట్టుకు రెండడుగుల ఎత్తునే ఉంటుంది కనుక పైన పాలరంగు మూత వేసినా, గోడ మీద కొంత పోయినా తరిగే చోట 500 లక్సుల దాకా వస్తుంది.

బిగించే చోటే అసలు కిటుకు. వైరు దాచడం తేలికని ఎలక్ట్రీషియన్లు గోడ మూలలో అంటిస్తారు. అప్పుడు టైల్సు వెలుగుతాయి, కత్తిపీటకు సరిపడా అందదు. పైగా నల్ల గ్రానైటు అద్దంలా ఆ చుక్కలన్నిటినీ కళ్లలోకి కొడుతుంది. అల్మారా లోతు 12 అంగుళాలు, గట్టు 24. అల్మారా ముందు అంచు అంటే గట్టుకు సరిగ్గా నడిమి భాగం. స్ట్రిప్పు అక్కడ ఉండాలి, ముఖం కొద్దిగా గోడ వైపు వంగి ఉండాలి. ముందు అంచుకు ఒకటిన్నర అంగుళం పట్టీ కొట్టిస్తే హాల్లో కూర్చున్నవారి కళ్లకు తగలదు. పై అల్మారాలు లేని వంటింట్లో ట్యూబును గుమ్మం మీది నుంచి తీసి పైకప్పుకు, గట్టు ముందు అంచుకు సరిగ్గా పైన బిగిస్తే నీడ చాలావరకు తగ్గుతుంది.

స్ట్రిప్పును చెక్కకు నేరుగా అంటించవద్దు. వేడి పోయే దారి లేక ఎల్‌ఈడీలు త్వరగా మసకబారతాయి, ఇడ్లీ ఆవిరికి జిగురు ఊడి వేలాడుతుంది. అల్యూమినియం ప్రొఫైల్లో, అంటే స్ట్రిప్పు ఇమిడే సన్నటి గాడి పట్టీలో, పెట్టి మూత వేయాలి. రెండున్నర మీటర్లకు 25 వాట్లు, అంటే రెండు ఆంపియర్ల పైచిలుకు. దానికి 12 వోల్టులు, 3 ఆంపియర్ల డ్రైవరు, అంటే ఇంటి కరెంటును స్ట్రిప్పుకు తగ్గట్టు మార్చే డబ్బా, తీసుకోండి. సరిగ్గా సరిపోయేది కొంటే ఎప్పుడూ నిండు బరువు మీదే నడిచి త్వరగా పోతుంది. పొడవు ఐదు మీటర్లయితే చివరికి వోల్టేజి పడిపోయి వెలుగు తగ్గుతుంది. మధ్య నుంచి కరెంటు ఇవ్వాలి, లేదా 24 వోల్టుల రకం వాడాలి. గుర్తులున్న చోటే కత్తిరించి, వైర్లు టంకం పెట్టించాలి. క్లిప్పులు జిడ్డుకు వదులవుతాయి. డ్రైవరును పొయ్యికి దూరంగా, అల్మారా పైన గాలి ఆడే చోట ఉంచాలి.

బజార్లో చుట్టలుగా దొరికే 230 వోల్టుల స్ట్రిప్పు వంటింటికి వద్దు. తడి చేతుల చోట ఆ వోల్టేజి ప్రమాదం. చాలావాటిలో వెలుగు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది. ఫోను కెమెరాతో చూస్తే నల్ల గీతలు కదులుతాయి. కదిలే కత్తి ఆ వెలుగులో తెగి తెగి కనిపిస్తుంది. స్ట్రిప్పు ఏదైనా, వంటింటి లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) ఉందో లేదో చూసుకోండి.

ఇక వెలుగు రంగు సంగతి. దాన్ని కెల్విన్లలో చెబుతారు. 6500 కెల్విన్ నీలి తెలుపు, 3000 పసుపు. పనిచేసే చోటికి 4000 సరిపోతుంది. రెండు రకాలు ఒకే గదిలో కలిపితే గోడ మురికిగా కనిపిస్తుంది. రంగులను లైటు ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్‌ఐ. పెట్టె మీద సీఆర్‌ఐ 90 అని ఉన్నదే కొనండి. 80 రకంలో ఎరుపు బలహీనం. వేగిన ఉల్లిపాయ ఎర్రబడిందో మాడుతోందో, మాంసం తాజాదో కాదో దానిలో సరిగా తేలదు. అరచేతిని లైటు కింద పట్టుకోండి. పాలిపోయినట్టు కనిపిస్తే ఆ లైటు వంటింటికి పనికిరాదు.

నెలకోసారి ప్రొఫైల్ మూతను సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. పెయింటు మరకో, జిగురో పోలేదని థిన్నరు మాత్రం తాకించవద్దు. ప్లాస్టిక్ మూత మీద సన్నటి పగుళ్లు పడి తెల్లబారుతుంది, అప్పుడు మూతే మార్చాలి.